గడప ఎక్కడుందో కుక్కపిల్లకు తెలియదు

ఇంట్లో కుక్కపిల్ల ఉచ్చ పోయగానే వినిపించే మాట ఒకటే: "ఎన్నిసార్లు చెప్పినా దీనికి బుద్ధి రాదు." ఎన్నిసార్లు చెప్పామో సరే, దానికి అందేలా ఒక్కసారైనా చెప్పామా? ఇక బుద్ధి మాటకొస్తే, పడుకునే చోటును పాడుచేసుకోకూడదన్న బుద్ధి కుక్కపిల్లకు కాళ్లు కుదురుకునే నాటికే వచ్చేస్తుంది. దానికి తెలియనిదల్లా మన ఇంటి పటం. గడపకు ఇవతల ఇల్లు, అవతల వాకిలి అన్నది మనుషులు పెట్టుకున్న లెక్క. ఆ లెక్క దానికి పుట్టుకతో రాదు. కాబట్టి నేల మీద మడుగు కనిపించినప్పుడల్లా దాన్ని కుక్కపిల్ల నేరంగా లెక్కకట్టడం మాని, ఇంటివాళ్ల చూపు ఎక్కడ తప్పిందో, వేళ ఎక్కడ జారిందో చెప్పే గుర్తుగా చదవాలన్నది నా వాదన. శిక్షణ అనగానే అందరం కుక్కపిల్ల వైపు చూస్తాం. ముందు ఇంట్లో గడియారం వైపు చూడాలి. వ్యక్తిత్వ వికాసం గురించిన పుస్తకంలో కుక్కపిల్ల ఉచ్చకు ఒక అధ్యాయం ఎందుకని అడిగేవాళ్లకు నా జవాబు కూడా అదే: ఇందులో మారవలసిన అలవాట్లు ఎక్కువగా రెండు కాళ్ల వాళ్లవి.

పుట్టిన మొదటి రెండు మూడు వారాలు కుక్కపిల్ల తనంతట తాను ఒకటికీ రెంటికీ పోలేదు. తల్లి పొట్ట కింద నాకితేనే వస్తుంది; వచ్చినదాన్ని తల్లే నాకి మింగేస్తుంది. కొట్టంలో ఈనిన కుక్క పక్కన నిలబడి చూస్తే, అరడజను పిల్లలున్నా గోనెపట్టా దాదాపు పొడిగానే ఉంటుంది. మూడో వారం దాటాక పిల్లలు తూలుకుంటూ లేచి, పట్టా అంచు దాటి, నాలుగడుగులు అవతలికి వెళ్లి కూర్చుంటాయి. వాటిని ఎవరూ కొట్టలేదు, ఎవరూ ముక్కు నేలకు రాయలేదు. పడక వేరు, దొడ్డి వేరు అన్న తేడా అప్పటికే వాటి ఒంట్లో ఉంది. అమెరికాలో బార్ హార్బర్ అనే ఊళ్లోని ప్రయోగశాలలో ఐదు జాతుల కుక్కలను ఏళ్ల తరబడి పరిశీలించి, జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ 1965లో ఒక పెద్ద పుస్తకం వేశారు. మూడో వారం నుంచి పన్నెండో వారం దాకా పిల్ల మనసు మైనంలా ఉంటుందనీ, మనుషులతో, తోటి కుక్కలతో, చోటుతో అది కలుపుకునే సంబంధం ఆ వారాల్లోనే గట్టిపడుతుందనీ వాళ్లు చూపారు. అందుకే ఎనిమిది వారాలు నిండకుండా పిల్లను తల్లి దగ్గర నుంచి తేవడం మంచిది కాదు. ముద్దొస్తుందని నాలుగో వారంలోనే చంకనేసుకొచ్చి, ఆ తర్వాత శుభ్రత రాలేదని వాపోతే ఎలా? ఇరుకు పంజరంలో, తన మలం మీదే పడుకోక తప్పని స్థితిలో పెరిగి అమ్మకానికొచ్చే పిల్లల సంగతి మరీ కష్టం. వాటిలో పుట్టుకతో వచ్చిన ఆ తేడా చెరిగిపోయి ఉంటుంది. వాటికి రెండింతల ఓపిక కావాలి.

మన దగ్గర సమస్య మొదలయ్యేది నేల దగ్గర. తెలంగాణను ఆనుకున్న మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలో, నాగేపల్లి, ఆలాపల్లి, అహేరి నుంచి కింద సిరోంచ దాకా ఒకే వీధిలో రెండు రకాల ఇళ్లు కనిపిస్తాయి: ఎర్రమన్నుతో, పేడతో అలికిన నేల ఉన్న పాత ఇల్లు ఒకటి, పక్కనే సర్కారు ఇళ్ల పథకం ఘర్కుల్ కింద కట్టుకున్న సిమెంటు గచ్చు ఇల్లు, లేదా నౌకరీవాళ్లు టైల్స్ పరిపించుకున్న ఇల్లు. పట్నం వాళ్ల కోసం రాసిన కుక్కల పుస్తకాలు రెండో రకం ఇంటినే ఊహించుకుంటాయి. కుక్కపిల్ల ఎక్కడ కూర్చోవాలన్నది చాలావరకు పాదంతో నేర్చుకుంటుంది. రెండో నెల ప్రాంతంలో తన కాళ్ల కింద ఏది ఉండగా మళ్లీ మళ్లీ ఒంటికి పోయిందో, ఆ నేలనే ఆ తర్వాత వెతుక్కుంటుంది. మట్టికి అలవాటు పడ్డది మట్టిని, గడ్డికి అలవాటు పడ్డది గడ్డిని, పాత పేపర్లకు అలవాటు పడ్డది చివరికి మీరు చదువుతున్న పేపరును. టైల్స్ ఇంట్లో ఇది మనకు కలిసొస్తుంది: లోపల నున్నగా చల్లగా, బయట గరుకుగా మెత్తగా. తేడా పాదానికే తెలుస్తుంది. మట్టి ఇంట్లో లోపలా మట్టే, బయటా మట్టే. అరికాలికి గడప లేదు. "పాత ఇంట్లో నేర్చుకోలేదు, కొత్త ఇంట్లో నెలకే నేర్చుకుంది" అనే ఇళ్లలో కారణం కుక్క తెలివి అయి ఉండకపోవచ్చు. నేల మారిందంతే.

మరి మట్టి ఇంట్లో ఏం చేయాలి? పాదం చెప్పలేనిదాన్ని ముక్కు చేత చెప్పించాలి. మన ముక్కులో వాసన పట్టే గ్రాహకాలు యాభై అరవై లక్షలైతే, కుక్క ముక్కులో ఇరవై ముప్పై కోట్ల దాకా ఉంటాయని లెక్క. పెరట్లో ఒక మూల ఎంచుకోండి: బావికీ వంటింటికీ దూరంగా, అయినా గడప నుంచి పది పదిహేను అడుగుల్లోపు. దూరమైతే పిల్ల అక్కడికి చేరేలోపే పని అయిపోతుంది. ఆ మూలను పారతో కాస్త గుల్ల చేసి, ఇసుకో ఊకో కలపండి. అలికిన గట్టి నేలకూ దానికీ పాదం కిందనే కొంత తేడా వస్తుంది. ఇక ఇంట్లో ప్రమాదం జరిగినప్పుడు, తడిసిన మన్నును పైపైన అలికి కప్పేయకుండా, ఆ మట్టిపెళ్లను బొటనవేలి మందాన గీకి తీసి, తీసుకెళ్లి ఆ మూలలో పోయండి. లోపల వాసన పోతుంది, బయట వాసన నిలబడుతుంది. ఒక్క పనితో రెండు అడ్రసులూ సరిచేసినట్టు. గీకిన చోట కొత్త ఎర్రమన్ను మెత్తి, ఆరాక అలకండి, ఆరేదాకా పిల్లను అటు రానివ్వకండి. పేడ అలుకు మన ముక్కుకు పాత వాసనను మరిపిస్తుంది గానీ, కింద ఇంకిన ఉచ్చను కుక్క ముక్కు నుంచి దాచలేదు. అది వారం తర్వాత కూడా సరిగ్గా అక్కడికే వచ్చి నేల వాసన చూసి కూర్చుంటుంది. మొండితనం అనుకుంటాం. దాని లెక్కలో అది బోర్డు పెట్టిన మరుగుదొడ్డి.

ఇప్పుడు గడియారం. కుక్కపిల్ల వయసు ఎన్ని నెలలో దానికి ఒకటి కలిపితే, పగటిపూట అది ఉచ్చ ఆపుకోగలిగే గంటలు వస్తాయని కుక్కలు పెంచేవాళ్ల మోటు లెక్క. రెండు నెలలదానికి మూడు గంటలు, అదీ గరిష్ఠంగా, అదీ పడుకుని ఉంటే. మెలకువగా ఆడుతుంటే గంటకే అయిపోతుంది. నాలుగు నెలలు నిండేదాకా మూత్రాశయం మీద దానికి పూర్తి పట్టు రాదు. చంటిపిల్ల పక్క తడిపితే తిట్టని మనం, అంతకంటే చిన్న ప్రాణాన్ని తిట్టడంలో న్యాయం లేదు. పట్టు లేకపోయినా వేళలు మాత్రం ఉంటాయి, అవి దాదాపు మారవు: నిద్ర లేచిన వెంటనే, తిన్న అయిదు నిమిషాల నుంచి అరగంట లోపు, ఆట మధ్యలో హఠాత్తుగా ఆగినప్పుడు, రాత్రి పడుకునే ముందు. తిండి పొట్టలో పడగానే పెద్దపేగు కదలడం మొదలుపెడుతుంది. ఆ కదలిక పిల్లల్లో మరీ చురుకు. అంటే మీరు తిండి వేళ నిర్ణయిస్తే, దొడ్డి వేళ కూడా మీరే నిర్ణయించినట్టు. మన ఇళ్లలో జరిగేది దీనికి తలకిందులు. పొద్దున గంజి, తర్వాత ఎవరో వేసిన రొట్టె ముక్క, మధ్యాహ్నం ఎంగిలి మెతుకులు, సాయంత్రం పిల్లల చేతిలోంచి జారిన బిస్కెట్టు. రోజంతా తిండి, కాబట్టి రోజంతా దొడ్డి. మూడు నెలలదాకా రోజుకు నాలుగుసార్లు, ఆ తర్వాత మూడుసార్లు, వేళకు పెట్టి, పావుగంటలో గిన్నె తీసేయండి. గంజి, పలచటి మజ్జిగ సాయంత్రం మానేసి పొద్దుటి పూటకు మార్చండి. నీళ్ల విషయంలో మాత్రం పిసినారితనం వద్దు. ఉచ్చ తగ్గుతుందని నడి ఎండాకాలంలో నీళ్ల గిన్నె దాచేస్తే పిల్ల ప్రాణం మీదికే వస్తుంది.

బయటికి తీసుకెళ్లడంలో జరిగే పొరపాటు చిన్నదే, కానీ నెలల శ్రమను తినేస్తుంది. తలుపు తీసి "పో" అని బయటికి తోలితే శిక్షణ కాదు. అది వాకిట్లో కోడిపిల్లల వెంట పరిగెత్తి, ఎండుటాకులతో ఆడి, లోపలికొచ్చి తలుపు వెనక కూర్చుంటుంది. మీరూ వెళ్లాలి. అదే దారిలో, అదే మూలకు, మాట్లాడకుండా నిలబడాలి. ముక్కు నేలకానించి, గుండ్రంగా తిరగడం మొదలుపెట్టి, వెనక కాళ్లు కాస్త వంగి, తోక పైకి లేచిందంటే ఇంకో రెండు సెకన్లే. ఆ క్షణంలో పిలవకండి, పొగడకండి. సగంలో ఆపి మీ దగ్గరికి పరిగెత్తుకొస్తుంది, మిగతా సగం ఇంట్లో వదులుతుంది. పని పూర్తయి లేవగానే, అక్కడే, ఒకటి రెండు సెకన్ల లోపు, శనగగింజంత కోడిమాంసం ముక్క నోట్లో పెట్టండి. గడప దగ్గరికొచ్చాక ఇస్తే గడప దాటి రావడానికి బహుమానం ఇచ్చినట్టవుతుంది. ఫలితం వెంటనే వచ్చిన పనినే జంతువు మళ్లీ చేస్తుందని థార్న్‌డైక్ నుంచి స్కిన్నర్ దాకా మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రయోగశాలల్లో తేల్చిన సంగతే ఇది. ఆలస్యమైన కొద్దీ ముడి వదులవుతుంది. పని కాగానే లోపలికి లాక్కురావడం ఇంకో పొరపాటు. ఉచ్చ పోస్తే షికారు అయిపోతుందని నేర్చుకున్న పిల్ల, షికారు కోసం ఉచ్చ ఆపుకుంటుంది. అయిదు నిమిషాలు ఆడనిచ్చి తీసుకురండి.

మాట కూడా ఒకటే ఉండాలి. ఈ సరిహద్దు ఇళ్లలో అది అనుకున్నంత తేలిక కాదు. అవ్వ తెలుగులో పిలుస్తుంది, మరాఠీ బడికి పోయే పిల్లలు "చల్" అంటారు, పొలం పనికొచ్చే మాడియా తెగ మనిషి గోండిలో అదిలిస్తాడు, పక్కింటి సిపాయి హిందీలో. మనిషి నాలుగు భాషలు నేర్చుకుంటాడేమో గానీ, రెండు నెలల కుక్కపిల్లకు ఒక్క పనికి ఒక్క చప్పుడే కావాలి. "పో" మంచి మాట కాదు. రోజూ తరమడానికి వాడేది అదే కాబట్టి దాని అర్థం ఎప్పుడో చెడిపోయింది. "కానీ, కానీ" అనుకోండి, లేదా ఇంకేదైనా. అది కూర్చున్నప్పుడల్లా ఆ మాటే మెల్లగా వినిపిస్తే, కొన్ని వారాల్లో మాటకూ పనికీ ముడిపడుతుంది. ఇంటిల్లిపాదీ ఒప్పుకున్న మాట ఏదైనా సరే. మనుషులను ఒప్పించడమే కష్టం, కుక్కను కాదు.

ఇక్కడ పెద్దవాళ్ల నుంచి వచ్చే అభ్యంతరం గట్టిది. మా కాలంలో రెండు దెబ్బలు వేసి, ముక్కు అందులో రుద్దేవాళ్లం. అది నేర్చుకునేది కదా, ఈ కోడిమాంసం ముచ్చట ఎక్కడిది అంటారు. నేర్చుకున్న మాట నిజమే. ఏం నేర్చుకుందన్నదే తేలాలి. గంట కింద చేసిన పనికీ ఇప్పటి దెబ్బకీ సంబంధం కుక్కపిల్ల మెదడులో కుదరదు. దానికి తెలిసేది ఇదీ: నేల మీద మడుగు, పక్కన మనిషి, రెండూ ఒకచోట ఉంటే దెబ్బ పడుతుంది. అందుకని అది మనిషి లేని చోటు వెతుక్కుంటుంది. వడ్ల గుమ్మి వెనక, మంచం కింద, బియ్యం డబ్బాల సందులో. అంతకంటే నష్టం, పెరట్లో మీరు పక్కన నిలబడితే పోయదు. మనిషి ముందు పోయడమే ప్రమాదమని మీరే నేర్పారు. "తప్పు చేసిందని దానికి తెలుసు, మొహం చూడండి, చెవులు వాల్చింది" అనేదానికి 2009లోనే జవాబు దొరికింది. న్యూయార్క్‌లో అలెగ్జాండ్రా హోరోవిట్జ్ అనే పరిశోధకురాలు పద్నాలుగు పెంపుడు కుక్కలతో ఒక పరీక్ష చేసింది. తినొద్దన్న తినుబండారం ముందుంచి యజమానిని బయటికి పంపేవారు. తిరిగొచ్చాక కుక్క తిన్నదనో తినలేదనో చెప్పేవారు, కొన్నిసార్లు అబద్ధం. కుక్క మొహంలో ఆ "తప్పు చేసిన" చూపు తిన్నదా లేదా అన్నదాన్ని బట్టి రాలేదు, యజమాని తిట్టాడా లేదా అన్నదాన్ని బట్టి వచ్చింది. నిజానికి ఏమీ తినకుండానే తిట్లు తిన్న కుక్కల్లో ఆ చూపు ఇంకా ఎక్కువ. వాలిన చెవులు మన కోపానికి అద్దం. అందులో పశ్చాత్తాపం చదువుకోవడం మన పనే. పాతకాలం కుక్కలు దెబ్బల వల్ల నేర్చుకున్నాయనడంలో నాకు ఇంకో సందేహం కూడా ఉంది. అవి చాలావరకు పగలూ రాత్రీ బయటే ఉండేవి. నెలలు గడిచేకొద్దీ మూత్రాశయం గట్టిపడేది, ఊరిచివర మట్టి దగ్గర్లోనే ఉండేది. వయసు చేసిన పనికి కర్ర పేరు తెచ్చుకుంది.

పని జరుగుతుండగా కంటబడితే సంగతి వేరు. అప్పుడు కూడా అరవకండి. చిటిక వేసో, "అరె" అనో ఆ ప్రవాహం ఆగేంత చప్పుడు చేసి, రెండు చేతుల్లో ఎత్తుకుని, మూలకు తీసుకెళ్లి దింపండి. అక్కడ మిగతాది పూర్తి చేస్తే ముక్క ఇవ్వండి. దారిలో మీ చొక్కా తడుస్తుంది. తడవనివ్వండి.

రెండో అభ్యంతరం ఇంకా న్యాయమైనది: కూలినాలి చేసుకునే ఇంట్లో గంటకోసారి కుక్కపిల్లను మోసుకెళ్లే తీరిక ఎవరికుంది? ఎండలు మొదలయ్యే వేళ ఇప్పపువ్వు ఏరడానికి తెల్లవారకముందే అడవికి పోతారు. ఆ వెనకే తునికాకు. మిరప ఏరడానికి కొందరు వారాల తరబడి గోదావరి దాటి తెలంగాణ చేలకు పోతారు. నిజమే. అందుకే నా మొదటి సలహా కుక్కపిల్లను ఎప్పుడు తెచ్చుకోవాలన్నది. తునికాకు సీజన్లో తేవద్దు. మొదటి ఆరు వారాలు ఇంట్లో అవ్వో, బడికి పోని పిల్లో, ఎవరో ఒకరు ఉండే కాలం చూసి తెచ్చుకోండి. ఉన్నా లేకున్నా చూపు కాసేపు తప్పక మరలుతుంది, అప్పటికి మన ఇళ్లలో ఉన్న సాధనం మేదరి గంప. కోడిపిల్లల మీద బోర్లించే ఆ వెదురు గంపే పట్నాల్లో వేలు పోసి కొనే ఇనుప పెట్టెకు తాత. పిల్ల లేచి నిలబడి, చుట్టూ తిరిగి పడుకునేంత చోటుంటే చాలు. మరీ పెద్దదైతే ఒక మూల పడక, ఒక మూల దొడ్డి చేసుకుంటుంది. పడక పాడుచేసుకోకూడదన్న పుట్టుబుద్ధి అక్కడ మనకు తోడొస్తుంది. కానీ గంప తాళం కాదు. పైన చెప్పిన గంటల లెక్క దాటి మూస్తే పిల్ల అందులోనే పోసుకోక తప్పదు, అప్పుడు ఆ పుట్టుబుద్ధిని మనమే చెరిపినవాళ్లం అవుతాం. పూటంతా ఎవరూ ఉండని రోజున గంప వద్దే వద్దు. నీడ ఉన్న పెరడు మూలను తడికెతో కట్టి, ఒక వైపు పట్టా, ఒక వైపు గుల్ల మన్ను, నీళ్ల గిన్నె పెట్టి వదలండి. గొలుసుతో గుంజకు కట్టేయడమే సులువు కదా అంటారా, 1960 నాటి జంతువుల పట్ల క్రూరత్వ నిరోధక చట్టం పదకొండో సెక్షన్ మీద ఒక చూపు వేయండి. కొట్టడం, మరీ పొట్టి లేదా బరువైన గొలుసుతో ఎక్కువసేపు కట్టేయడం మాత్రమే కాదు, అలవాటుగా కట్టేసి ఉంచే కుక్కను తిప్పకపోవడం కూడా అందులో నేరమే. కుక్క పేరెత్తి మరీ రాశారు.

అసలు ఇంట్లోకి ఎందుకు రానివ్వాలి, బయటే పడి ఉండనివ్వండి అనేవాళ్లూ ఉన్నారు. ఊరికుక్క బతుకు అదే, తప్పు పట్టను. కానీ ఈ అడవి అంచు ఊళ్లలో రాత్రి బయట పడుకున్న కుక్కపిల్ల చిరుతకు తేలికగా దొరికే తిండి. పైగా బయట ఉంచితే దొడ్డి సమస్య తీరదు, వాకిట్లోకి మారుతుంది. చెప్పుల్లేకుండా ఆడుకునే పిల్లల కాళ్ల కిందికి. కుక్క మలంలో కొంకిపురుగు గుడ్లుంటే, తడి వెచ్చటి మన్నులో వారం తిరగకుండానే పురుగు పిల్లలు తయారై అరికాలి చర్మంలోంచి దూరగలవు. టాక్సోకారా అనే ఏలికపాము జాతి గుడ్లు అంటుకునే స్థితికి రావడానికి రెండు వారాలైనా పడుతుంది, తర్వాత నెలల తరబడి మన్నులో బతుకుతాయి. మన్ను చేతులు నోట్లో పెట్టుకున్న పసివాడి కంటిదాకా చేరిన సందర్భాలు వైద్యశాస్త్రంలో ఉన్నాయి. ఈ లెక్కల్లో ఒక మంచి కబురుంది: ఏ రోజుది ఆ రోజు పారతో ఎత్తి లోతుగా పాతిపెడితే రెండు దారులూ మూసుకుంటాయి. ఒకే మూలకు అలవాటు చేసిన కుక్క మలం ఎత్తడం రెండు నిమిషాల పని. వాకిలంతా తిరిగే కుక్కది వెతకడమే అరగంట. పుట్టిన రెండో వారం నుంచే పిల్లలకు నులిపురుగుల మందు మొదలుపెట్టాలి. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య పార్వో టీకా, మూడో నెలలో రేబిస్ టీకా. పార్వో వైరస్ మన్నులో నెలలు బతుకుతుంది కాబట్టి టీకాల వరస పూర్తయ్యేదాకా మీ పెరటి మూలే మేలు; ఊరికుక్కలు తిరిగే బజారు పక్కన దింపకండి.

టైల్స్, సిమెంటు ఇళ్లలో నేల శుభ్రం చేసే సంగతి ఇంకా చెప్పలేదు. అక్కడ గీకడానికి మన్ను ఉండదు, కానీ టైల్స్ మధ్య సందులు ఉంటాయి, ఉచ్చ అక్కడే దాక్కుంటుంది. ముందు పాత బట్టతో అద్ది పీల్చండి, తుడిస్తే పరుచుకుంటుంది. ఆ తడిబట్టను పారేయకుండా పెరటి మూలలో పడేయండి, కారణం పైన చెప్పిందే. తర్వాత ఎంజైములున్న బట్టల సబ్బుపొడిని గోరువెచ్చటి నీళ్లలో కలిపి, సందుల్లోకి దిగేలా పోసి, పది నిమిషాలు ఉంచి కడగండి. ఎండిన ఉచ్చలో కొంత సందుల్లోనే మిగిలిపోతుంది. మామూలు నీళ్లకు పూర్తిగా పోదు, గాలిలో చెమ్మ పెరిగిన రోజున మళ్లీ వాసన లేపుతుంది. మందుల దుకాణంలోనో ఆన్‌లైన్‌లోనో దొరికే ప్రత్యేకమైన ఎంజైము ద్రావణాలు ఇంకా బాగా పనిచేస్తాయి, ధర ఎక్కువ. ఫినాయిల్ ఈ పనికి పనికిరాదు. మన ముక్కుకు ఫినాయిల్ తప్ప ఏమీ తెలియదు, కుక్క ముక్కుకు రెండూ వేరువేరుగా తెలుస్తాయి. అమోనియా ఉన్న క్లీనర్లయితే మరీ తలకిందులు, ఉచ్చ వాసనలో అమోనియా వాసనా ఉంటుంది. గ్రామపంచాయతీ పంచిన బ్లీచింగ్ పౌడరును నేరుగా ఉచ్చ మీద చల్లడం అలవాటున్న ఇళ్లున్నాయి. క్లోరిన్, అమోనియా కలిస్తే ఊపిరి పట్టేసే ఘాటు వాయువు పుడుతుంది. మూసిన గదిలో అది మనుషులకే ప్రమాదం.

వానాకాలం వస్తే ఇప్పటిదాకా చెప్పిన లెక్కలన్నీ తడిసిపోతాయి. వాన శబ్దానికి, తడి నేలకు జంకి చాలా పిల్లలు గడప దాటవు. అందుకని వానలు పడకముందే చూరు కింద ఒక వెడల్పాటి పాత తట్టలో ఆ మూల మన్నే నింపి పెట్టండి. వాసన పరిచయమైనదే కాబట్టి అక్కడ కూర్చుంటుంది. వాన ఆగిన ప్రతిసారీ అసలు మూలకు తీసుకెళ్లండి, లేకపోతే చూరు కిందే శాశ్వతమవుతుంది. రాత్రిపూట రెండు నెలల పిల్లను కనీసం ఒకసారి లేపాలి, మూడో నెల దాటాక ఆ అవసరం క్రమంగా పోతుంది. ఆ ఒక్కసారికీ టార్చి లేకుండా, చెప్పుల్లేకుండా వెళ్లకండి. వానాకాలం రాత్రుల్లో కట్లపాము తిరిగేది ఆ వేళకే. టార్చి వెలుతురు ముందు పెరటి గోడ చుట్టూ తిప్పి, తర్వాత నేల మీదికి దించండి.

చివరగా, శిక్షణతో సంబంధం లేని తడి ఒకటుంది. మీరు ఇంటికి రాగానే ఆనందంతో తోక ఊపుతూ నాలుగు చుక్కలు వదిలేది, పెద్ద గొంతు విని వెల్లకిలా పడి వదిలేది, ఇవి భయం, సంబరం వల్ల జరిగేవి. తిడితే పెరుగుతాయి, ఇంటికొచ్చాక అయిదు నిమిషాలు దానివైపు చూడకుండా ఊరుకుంటే తగ్గుతాయి, వయసుతో పోతాయి. కానీ రెండు నెలలు శుభ్రంగా ఉన్న పిల్ల ఉన్నట్టుండి గంటకు నాలుగుసార్లు చుక్కలు చుక్కలుగా పోస్తుంటే, పోసేటప్పుడు మూలుగుతుంటే, ఎరుపు కనిపిస్తే, నీళ్లు అంతూపొంతూ లేకుండా తాగుతుంటే అది జబ్బు. అలవాటు దోషమనుకుని రోజులు పోనివ్వకుండా పశువుల దవాఖానకు తీసుకెళ్లాలి. కాలనిర్ణయో, మరేదో, గోడకు వేలాడే క్యాలెండరు మీద తెచ్చిన రోజు నుంచీ చిన్న గుర్తులు పెట్టుకుంటూ రండి: ఒకటికి చుక్క, రెంటికి గీత, ఇంట్లో జరిగితే చుట్టూ సున్నా, పక్కన వేళ. మొదటి వారంలోనే సున్నాలన్నీ ఏ రెండు మూడు వేళల దగ్గర గుమిగూడాయో కనిపిస్తుంది, ఆ వేళల్లో ఇంట్లో ఎవరు ఏం చేస్తున్నారో కూడా గుర్తొస్తుంది. దవాఖానకు పోయేటప్పుడు ఆ కాగితం చింపి జేబులో పెట్టుకోండి. డాక్టరు అడిగే మొదటి ప్రశ్న "ఎప్పటి నుంచి, రోజుకెన్నిసార్లు" అనే.